పాముల పార్కులో ధైర్య పాఠం

పాము పేరు వింటేనే చాలామందికి ఒళ్లు జలదరిస్తుంది. ఈ భయం ఇతరులను చూసి కూడా అలవడుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ మినెకా 1980లలో కోతులపై చేసిన ప్రయోగాల్లో ఇది బయటపడింది. ప్రయోగశాలలో పెరిగిన కోతులు మొదట పాముకు జంకలేదు. పామును చూసి హడలిపోయిన తోటి కోతులను గమనించాక అవీ హడలిపోసాగాయి. మనుషుల్లోనూ ఇలా జరుగుతుంది. జూలో పామున్న గాజు పలక ముందు తల్లి కెవ్వుమంటే బిడ్డకూ భయం పట్టుకుంటుంది. తండ్రి నిదానంగా నిలబడి చూపిస్తే కుతూహలం పుడుతుంది. అందుకే సరీసృపాలున్న జూకు కుటుంబమంతా కలిసి వెళ్లడం వ్యక్తిత్వానికి మంచి సాధన.

భయం తగ్గే దారిని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1969లో సహచరులతో కలిసి పరీక్షించాడు. పాములంటే విపరీతంగా భయపడేవారికి ముందు మరొకరు పామును నిబ్బరంగా పట్టుకోవడం చూపించి, తర్వాత పక్కనే ఉండి ఒక్కో అడుగూ వేయించారు. ఊరికే చూసినవారికంటే ఇలా పాల్గొన్నవారికే ఎక్కువ మేలు కలిగింది. చేయగలనన్న నమ్మకం మాటలతో కంటే చేసి చూసినప్పుడే బలపడుతుంది.

ఇలాంటి సాధనకు అవకాశాలు చాలానే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు 2016 నవంబరు 1న ప్రారంభమైన నవ రాయపూర్ జంగిల్ సఫారీ అందుబాటులో ఉంది. హైదరాబాద్‌లో 1963 నాటి నెహ్రూ జూ, విశాఖలో 1977 నాటి ఇందిరాగాంధీ జూ ఉన్నాయి. కేవలం సరీసృపాల కోసమే ఏర్పడిన చిన్న జూ కావాలంటే, చెన్నై గిండీలో సరీసృపాల నిపుణుడు రోములస్ విటేకర్ 1972లో నెలకొల్పిన పాముల పార్కు ఉంది.

వెళ్లే ముందే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, జెర్రిపోతు, కొండచిలువల పేర్లు, తేడాలు పిల్లలకు చెప్పాలి. పేరు తెలిసిన దాన్ని పరిశీలించాలనిపిస్తుంది. అక్కడ ప్రశ్నలు అడగనివ్వాలి, వాటికి సరైన జవాబులు చెప్పాలి. నాగుపాము పడగ విప్పేది బెదిరించి దూరంగా పంపడానికి. పాములకు బయటి చెవులు లేవు, నేల అదురును దవడ ఎముకల ద్వారా గ్రహిస్తాయి. పాలు వాటి ఆహారం కాదు. పెద్ద ఎరను మింగిన కొండచిలువ వారాల తరబడి తినకుండా ఉండగలదు. గాజును తట్టకుండా ఆగడం పిల్లలకు నిగ్రహాన్ని నేర్పుతుంది. దగ్గరికి రావడానికి జంకే బిడ్డను లాక్కెళ్లకూడదు, ఎగతాళి చేయకూడదు. దూరం నుంచి చూసినా సరే, అది ఆ బిడ్డ వేసిన మొదటి అడుగు.

భయం పోయిన చోట జాగ్రత్త రావాలి. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తెలుగు నేల కూడా ఉంది. రాత్రిపూట టార్చిలైటుతో నడవడం, నేల మీద కాకుండా మంచంపై దోమతెర కట్టుకుని పడుకోవడం ప్రాణాలు కాపాడే అలవాట్లు. నిద్రలో కట్లపాము కాటేస్తే నొప్పి తెలియకపోవచ్చు. కాటు పడితే గాయాన్ని కోయకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు బిగించకూడదు. ఆ కాలో చేయో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విషం ఎక్కినప్పుడు దాన్ని విరిచేది యాంటీవీనమ్ ఇంజెక్షనే, మంత్రం కాదు.

పాముల దగ్గర అలవడిన ఈ పద్ధతి జీవితంలో మరెన్నో భయాలకు పనికొస్తుంది. సభాకంపం ఉన్నవారు ముందు ఇంట్లో నలుగురి ఎదుట, తర్వాత చిన్న సమావేశంలో, ఆపైన వేదిక మీద మాట్లాడాలి. ఇంటర్వ్యూకు బెదిరేవారు దాన్ని దాటినవారి తీరును గమనించి, మిత్రుల ముందు సాధన చేయాలి. భయపెట్టేదాని గురించి తెలుసుకోవడం, నిబ్బరంగా ఎదుర్కొన్నవారిని చూడటం, చిన్న అడుగులతో తానే చేయడం, అసలైన ప్రమాదానికి తగిన జాగ్రత్త పాటించడం: ధైర్యం ఈ నాలుగింటితో అలవడుతుంది.