పోనంటున్న ఐకాన్ ఎవరిది?

చి. అల్లుడికి,

ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో మీ ఆఫీసు కంప్యూటర్ తెర మీద నాలుగైదు షార్ట్‌కట్‌లు ఎంత డిలీట్ కొట్టినా పోవడం లేదనీ, ఒకటేమో పోయినట్టే పోయి మళ్లీ ప్రత్యక్షమవుతోందనీ రాశావు. వాటిని బలవంతంగా పీకేసే టూల్ ఏదైనా ఉంటే చెప్పమన్నావు. టూల్స్‌కేం, కావలసినన్ని ఉన్నాయి. నా మాట మాత్రం వేరు. పోనంటున్న షార్ట్‌కట్ పాడైపోయిందని అనుకోకు. చాలాసార్లు అది నీది కాదు, అంతే. ఎవరిదో తేల్చుకుంటే తీసే దారి వెంటనే తెలుస్తుంది. తేల్చుకోకుండా బలం చూపిస్తే ఐకాన్‌తో పాటు ఇంకేవేవో పోతాయి.

కంటికి డెస్క్‌టాప్ ఒక్కటే. లోపల మాత్రం కనీసం రెండు ఫోల్డర్లున్నాయి. సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద నీ పేరు మీద ఉన్నది ఒకటి. అదే యూజర్స్ కింద 'పబ్లిక్' అన్న పేరుతో ఉన్నది రెండోది. ఆ కంప్యూటర్‌లో ఎవరు లాగిన్ అయినా అందులోవి వాళ్లకూ కనిపిస్తాయి. విండోస్ ఈ రెంటినీ కలిపి ఒకే తెర మీద పరుస్తుంది, ఏది ఎందులోదో గుర్తు పెట్టదు. తప్పంటూ ఉంటే అక్కడే ఉందని నా అభిప్రాయం. నీ ఫోల్డర్‌లోవి తీసే హక్కు నీది. పబ్లిక్‌లోవి ఉమ్మడి వాకిట్లో సామాను లాంటివి: వాడుకోవచ్చు, పారేయాలంటే పెద్దల్ని అడగాలి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలని వచ్చే ఆ పెట్టె అడిగేది అదే. విండోస్ ఎక్స్‌పీ కాలంలోనూ ఈ ఏర్పాటు ఉంది, అప్పుడు ఆ రెండో ఫోల్డర్ పేరు 'ఆల్ యూజర్స్'. ఇళ్లలో దాదాపు అందరూ అడ్మిన్‌గానే లాగిన్ అయ్యేవారు కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు. 2007లో విస్టాతో యూజర్ అకౌంట్ కంట్రోల్ వచ్చాక అడ్మిన్ కూడా మామూలు మనిషిలా నడుస్తూ, అవసరం పడ్డప్పుడే అధికారం తీసుకోవాల్సి వచ్చింది. అడుగడుగునా అనుమతి అడుగుతోందని జనం విసుక్కున్నారు. నిజానికి ఆ అడగడం వల్లే, తెలియకుండా దూరిన చెత్త ప్రోగ్రాములకు ముకుతాడు పడింది.

కాబట్టి మొదట చేయాల్సింది డిలీట్ నొక్కడం కాదు. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో జనరల్ ట్యాబ్ కింద లొకేషన్ అన్న వరుస చదువు. అక్కడ పబ్లిక్ అని ఉంటే సంగతి తేలిపోయినట్టే. ఎడ్జ్ బ్రౌజర్ ఐకాన్ గురించి ప్రత్యేకంగా అడిగావు. అది కంప్యూటర్ మొత్తానికీ ఇన్‌స్టాల్ అయ్యేది కనుక తన ఐకాన్‌ను ఈ ఉమ్మడి ఫోల్డర్‌లోనే పెడుతుంది. ఒకరు తీసేసినా అప్‌డేట్‌తో మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. లొకేషన్‌లో వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) అని కనిపిస్తే కథ వేరు. ఒకే ఖాతాతో రెండు కంప్యూటర్లు వాడుతున్నప్పుడు ఒకదాని డెస్క్‌టాప్ రెండోదానికి పాకుతుంది. అక్కడి ప్రోగ్రామ్ ఇక్కడ లేకపోతే ఐకాన్ తెల్లకాగితంలా మొహం వేస్తుంది. ఇక్కడ తీస్తే అక్కడా పోతుందని మరిచిపోకు. ఇక నీ సొంత ఫోల్డర్‌లోనే ఉండి, తీసిన గంటా రెండు గంటల్లో తిరిగొస్తోందంటే అది గ్రూప్ పాలసీ పని కావచ్చు. కంపెనీ సర్వర్ నుంచి వచ్చే ఆ ఆదేశాల్ని కంప్యూటర్ మామూలుగా 90 నిమిషాలకోసారి, పైన అరగంట వరకు కలుపుకుని, మళ్లీ అమలు చేస్తుంది. నువ్వు తీస్తూ ఉంటావు, అది పెడుతూ ఉంటుంది. ఆ పందెంలో నీకు గెలుపు లేదు.

అసలు ఫైలే కాని ఐకాన్లు కూడా ఉన్నాయి. రీసైకిల్ బిన్ అలాంటిదే. దాన్ని సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, థీమ్స్, డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్ అన్న వరుసలో వెళ్లి టిక్కు తీసి దాచాలి. విండోస్ 11లో 'లెర్న్ అబౌట్ దిస్ పిక్చర్' అని ఒకటి మూల నుంచి తొంగిచూస్తుంది. ఎంతమంది దాన్ని వైరస్ అనుకుని కంగారుపడ్డారో! తెర వెనుక బొమ్మకు విండోస్ స్పాట్‌లైట్ ఎంచుకోవడం వల్ల వచ్చేది అది. బ్యాక్‌గ్రౌండ్‌ను మామూలు పిక్చర్‌కు మార్చితే పోతుంది. దీనికోసం రిజిస్ట్రీలో చెయ్యి పెట్టడం అనవసర సాహసం.

"షార్ట్‌కట్టే కదా మామయ్యా, తీస్తే ప్రోగ్రామ్ పోదు కదా" అంటావు. నిజమే, పోదు. కానీ ఆ వాదన రెండువైపులా కోస్తుంది: తీస్తే నష్టం లేనిదాన్ని ఉంచితే మాత్రం నష్టమేమిటి? పైగా పంచుకునే కంప్యూటర్ మీద షార్ట్‌కట్ అంత చిన్న విషయం కాదు. 2023 జనవరి 13న మైక్రోసాఫ్ట్ భద్రతా ప్రోగ్రామ్ డిఫెండర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ కంపెనీల కంప్యూటర్లలో స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్, డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌లను తుడిచిపెట్టింది. ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా వాటిని తెరిచే దారి తెలియక ఉద్యోగులు ఐటీ వాళ్ల మీద పడ్డారు. వాటిని తిరిగి తయారుచేసే స్క్రిప్టును మైక్రోసాఫ్టే ఇవ్వాల్సి వచ్చింది. మీ దగ్గర ఎడ్యుకేషన్ సిటీ ల్యాబుల్లోనో, రెండు షిఫ్టులు నడిచే రిసెప్షన్ బల్ల దగ్గరో పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు అదే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. నీ కంటికి చెత్తగా కనిపించే ఐకాన్, తర్వాత వచ్చే మనిషికి పనిలోకి వెళ్లే ఏకైక దారి కావచ్చు.

అడ్మిన్ పాస్‌వర్డ్ ఎలాగో సంపాదించి ఫోల్డర్ యాజమాన్యాన్నే నీ పేరుకు మార్చుకోమని వీడియోలు చెబుతాయి. యూజర్ అకౌంట్ కంట్రోల్ ఆపేయమని కూడా చెబుతాయి. ఒక ఐకాన్ కోసం కంప్యూటర్ మొత్తానికి ఉన్న కాపలా ఎత్తేయడమన్నమాట. ఊరూపేరూ లేని సైట్ నుంచి దించుకున్న 'అన్‌లాకర్' ఇంకా ప్రమాదం. ఫైళ్ల మీద అంత అధికారం అడిగే ప్రోగ్రామ్‌కు ఆ అధికారం ఇచ్చాక, అది లోపల ఇంకేం చేస్తోందో నీకు తెలిసే వీల్లేదు. గల్ఫ్ కంపెనీలు ఈ విషయంలో ఊరికే బిగుసుకుపోలేదు. 2012 ఆగస్టులో షామూన్ అనే వైరస్ సౌదీ ఆరామ్‌కోలో సుమారు 30,000 కంప్యూటర్లను ఖాళీ చేసింది. అదే నెలాఖరులో ఖతార్‌లోనే రాస్‌గ్యాస్ అనే గ్యాస్ కంపెనీ ఆఫీసు నెట్‌వర్క్‌కు వైరస్ సోకి, వెబ్‌సైటూ ఈమెయిలూ ఆగిపోయాయి. 2014లో ఖతార్ సైబర్ నేరాల మీద 14వ నంబర్ చట్టం తెచ్చింది. ఐకాన్ తీసినందుకు ఎవరూ జైల్లో పెట్టరులే! కానీ నీది కాని పాస్‌వర్డ్ వాడావని తేలితే, అప్పుడు నీ సంజాయిషీ ఐకాన్ గురించి ఉండదు.

హెల్ప్‌డెస్క్ వాళ్లు రోజుల తరబడి పలకరంటావు. "ఐకాన్ పోవట్లేదు" అని రాస్తే ఎవరికైనా బద్ధకమే. లొకేషన్ వరుసలో ఉన్న దారి, వచ్చిన ఎర్రర్ మాటలు, తీశాక ఎంతసేపటికి తిరిగొస్తోందో, ఈ మూడూ రెండు వాక్యాల్లో రాయి. వెతికే పని సగం నువ్వే చేసిపెట్టినట్టవుతుంది. శుక్ర, శనివారాల సెలవులు పోయాక ఆదివారం పొద్దున్నే పంపు. ఈలోగా తెర చిందరవందరగా ఉందనిపిస్తే ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, వ్యూలో 'షో డెస్క్‌టాప్ ఐకాన్స్' టిక్కు తీసెయ్. అన్నీ దాక్కుంటాయి, ఒక్కటీ పోదు.

గదిలో నీ సొంత ల్యాప్‌టాప్ మీద మాత్రం నువ్వే యజమానివి, అనుమతి పెట్టె వస్తే నిశ్చింతగా కంటిన్యూ నొక్కు. 'ఈ ఐటమ్ దొరకలేదు' అని మొరాయిస్తే అది ఫైలు పోయాక మిగిలిన నీడ కావచ్చు. ఎఫ్5 నొక్కు, వినకపోతే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చెయ్. పేరు చివర చుక్కో ఖాళీయో ఉన్న ఫైలు కూడా ఇదే మాట చెబుతుంది. దానికి కమాండ్ ప్రాంప్ట్ కావాలి, అది ఫోన్‌లో చెబుతాను.

ఒక్క రకానికి మాత్రం ఈ ఓపిక పనికిరాదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి, తీసిన క్షణంలో తిరిగొస్తుంటే అది వైరస్. ప్రాపర్టీస్‌లో టార్గెట్ వరుస చూడు: నువ్వెరిగిన ప్రోగ్రామ్ పేరుకు బదులు పవర్‌షెల్ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ అనో ఉంటే ఆ ఐకాన్‌ను తెరవకు. 2010లో స్టక్స్‌నెట్ అనే వైరస్ పాకింది షార్ట్‌కట్ ఫైళ్లను విండోస్ చదివే తీరులోని లోపం మీదే. క్లిక్ కూడా అక్కర్లేదు, ఐకాన్ తెర మీద కనిపిస్తే చాలింది. ఆ ఏడాది ఆగస్టు 2న మైక్రోసాఫ్ట్ మామూలు గడువు దాకా ఆగకుండా ప్యాచ్ విడుదల చేసింది. అలాంటిది ఆఫీసులో కనిపిస్తే నెట్‌వర్క్ కేబుల్ తీసేసి, టికెట్ రాస్తూ కూర్చోకుండా నేరుగా ఐటీ వాళ్లకు ఫోన్ చెయ్.

ఆ మళ్లీ మళ్లీ వస్తున్న ఐకాన్ లొకేషన్ ఏమిటో చూసి రాయి.

మీ మామయ్య