కనిపెట్టుట, కాపాడుట



మన యూరివారినెవరినైనను పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు, "ఈ రాత్రి అబ్జర్వేషన్‌లో ఉంచవలెను" అని డాక్టరుగారు చెప్పుట మీరు వినియుందురు. అనగా నర్సమ్మ గంటగంటకును వచ్చి, నాడి పట్టి, జ్వరము చూచి వ్రాసుకొనును. రోగి ప్రాణము దక్కవలెననియే అట్లు చూచును. ఈ మాసము ఆ మాట యొక్క పుట్టుకను, అర్థములను ధ్యానింతము.

ఇది లాటిను భాషనుండి వచ్చిన మాట. 'ఓబ్' అనగా ఎదుట. 'సెర్వారే' అనగా కాపాడుట. ఈ రెండును కలిసి 'ఓబ్సెర్వారే' అయినది. దానికి శ్రద్ధగా చూచుట అనియు, ఆజ్ఞను లేక ఆచారమును పాటించుట అనియు రెండర్థములు కలవు. మన తెలుగులో 'కాచుట' అను మాటయు దీనికి దగ్గరగా నున్నది. చేను కాచువాడు మంచెమీద కూర్చుండి ఊరకే చూడడు. పిట్టలను తోలును, పశువులను మళ్లించును.

1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఈ మాట లూకా 17:20లో నున్నది. దేవుని రాజ్యము ఎప్పుడు వచ్చునని పరిసయ్యులు అడుగగా, గురుతులు కనిపెట్టి లెక్కించువారికి అందునట్లు అది రాదని ప్రభువు బదులు చెప్పెను. అక్కడ గ్రీకు మాట 'పరాతేరేసిస్'. 'పరా' అనగా ప్రక్కన. 'తేరేయో' అనగా కాపాడుట, గైకొనుట.

ఈ మాట యొక్క క్రియారూపమునే లూకా మరికొన్ని చోట్ల వాడెను. విశ్రాంతిదినమున ఊచచెయ్యి గలవానిని యేసు స్వస్థపరచునేమోయని వారు కనిపెట్టుచుండిరి (6:7). పరిసయ్యుని యింట భోజనమునకు వెళ్లినప్పుడును అట్లే కనిపెట్టిరి (14:1). జలోదర రోగి వారి యెదుటనే యున్నను, వారి చూపు తప్పు పట్టుటమీదనే యుండెను.

అయితే మత్తయి 28:20 చూడుడి. తాను ఆజ్ఞాపించినవన్నియు గైకొనుటకు జనులకు బోధించుడని ప్రభువు శిష్యులకు సెలవిచ్చెను. అక్కడను 'తేరేయో' అను మాటయే యున్నది. ఆ ఇంగ్లీషు బైబిలులో దానిని 'అబ్జర్వ్' అనిరి. పరిసయ్యులు చేసినదియు, శిష్యులు చేయవలసినదియు ఒకే వేరునుండి పుట్టిన మాటలతో చెప్పబడినవి.

మన సంగతి యేమి? గుడికి ఎవరు ఆలస్యముగా వచ్చిరి, కానుక పళ్లెములో ఎవరెంత వేసిరి, ఎవరి కోడలు ఏ చీర కట్టినది, ఇవన్నియు మనము చక్కగా కనిపెట్టుదుము. రెండాదివారములనుండి రాని విధవరాలు జ్వరముతో పడియున్నదని ఎవరు కనిపెట్టిరి? బడి మానిన పిల్లవాని యింట పొయ్యి వెలిగినదో లేదో ఎవరు చూచిరి?

ఈ వారము ఒక్క యింటి సంగతి శ్రద్ధగా కనిపెట్టుడి. చూచినదానిని అరుగులమీద చెప్పుకొనక, ఆ యింటికి వెళ్లి, మీ చేతనైన సహాయము చేయుడి. అట్టి చూపును ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.