మాంద్యకాలములో ఋణము: గైబీ నగర్ మగ్గములు నేర్పు పాఠము

మహారాష్ట్రములో ఠాణా జిల్లాయందు ముంబయికి చేరువగా భివండి పట్టణము గలదు. అందు గైబీ నగర్ అను పేటలో పగలనక రేయనక మరమగ్గముల చప్పుడు వినవచ్చుచుండును. క్రొత్తగా వచ్చినవానికి ఆ చప్పుడు తలనొప్పి. అక్కడివారికి అదియే అన్నము. అది ఆగిననాడే వారికి నిద్రపట్టదు. ఏలయన మగ్గము నిలిచినచో కూలి నిలుచును గాని ఇంటి అద్దె నిలువదు, కిరాణా ఖాతా నిలువదు, వడ్డీ అంతకంటెను నిలువదు.

వ్యాపారము మందగించినప్పుడు సామాన్యులు ఎట్లు నెగ్గుకొని వచ్చుచున్నారు? ఎక్కడ చిక్కుకొనుచున్నారు? వర్తక కుటుంబములవారు ఈ ప్రశ్నలను ఇతరుల కష్టముగా మాత్రమే చూడరాదు. అప్పునకు రెండు కొసలుండును. ఒక కొస మగ్గము వద్ద నున్నచో రెండవ కొస వర్తకుని గద్దెవద్ద నుండును.

మగ్గము వెంట వలస

భివండితో తెలుగువారికి చిరకాల సంబంధము గలదు. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతముల పద్మశాలీ కుటుంబము లనేకము బ్రతుకుతెరువు వెదకికొనుచు షోలాపురమునకు, భివండికి తరలిపోయినవి. భివండిలోని పద్మానగర్ తెలుగువారి పేటగా ప్రసిద్ధి. గైబీ నగర్ వంటి పేటలలో ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి వచ్చిన నేతగాండ్రు హెచ్చుగా నుందురు. నూలు, గుడ్డల వర్తకములో గుజరాతీ, మార్వాడీ కుటుంబములు గలవు. వారిలో జైనులును గలరు. 1982 జనవరి 18న నాటి బొంబాయిలో దత్తా సామంత్ నాయకత్వమున బట్టల మిల్లుల సమ్మె ప్రారంభమైన పిమ్మట మిల్లుల పని చాలవరకు మరమగ్గములకు మరలినది. భివండి మరింత పెరిగినది.

ఇక్కడి పని పద్ధతి తెలిసినగాని అప్పు సంగతి బోధపడదు. వర్తకుడు నూలు ఇచ్చును. మగ్గముల యజమాని మీటరుకింత యని కూలి మాట్లాడుకొని నేసి, పచ్చి గుడ్డను తిరిగి ఇచ్చును. ఆ గుడ్డ అద్దకమునకు పాలీ, బాలోత్రా వంటి ఊళ్ళకు పోవును. చాలమంది చిన్న యజమానులకు నూలు తమది కాదు, గుడ్డయు తమది కాదు; మగ్గము, కరెంటు బిల్లు, కార్మికుల కూలి మాత్రమే తమవి. కార్మికునకు నెలజీతము లేదు. నేసినంత గుడ్డకే కూలి. కనుక మాంద్యము వచ్చిన మొదటి వారముననే అది అతని పళ్ళెములోనికి వచ్చును.

మాంద్యము దిగివచ్చు దారి

దూరపు ఊరి అంగడిలో బేరము పడిపోవును. అంగడివాడు టోకు వర్తకునకు సొమ్ము ఆపును. టోకు వర్తకుడు నూలు ఇచ్చినవానికి, నేసినవానికి మూడు నెలల గడువు చెప్పును. మగ్గముల యజమాని సగము మగ్గములు నిలిపి, సగము కూలి ఇచ్చి, తక్కినది రెండు వారములు ఆగుమనును. కార్మికుడు భోజనశాలలోను, కిరాణా అంగడిలోను ఖాతా వ్రాయించును. మాంద్యము పైనుండి క్రిందికి దిగును. అప్పు క్రిందనే పోగుపడును.

ఇది పలుమారులు జరిగినది. 2016 నవంబరు 8న ఐదువందలు, వేయి రూపాయల నోట్లు రద్దయినప్పుడు వారపు కూలి ఇచ్చుటకు చేతిలో నగదు లేక మగ్గములు నిలిచినవి. 2017 జూలై 1న జి.యస్.టి. వచ్చినప్పుడు లెక్కల అలవాటు లేని చిన్నవారు తికమక పడిరి. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపగా మగ్గములు ఒక్కసారిగా మూగవోయినవి. వేలాది కార్మికులు దొరికిన బండిలోను, కాలినడకను స్వస్థలములకు పోయిరి. పోయినవారి వెంట అప్పును పోయినది.

జనులు పట్టు దారులు

కష్టకాలమున జనులు చేయు పనులలో ఒక వరుస గలదు. మొదట తిండి తగ్గింతురు. పాలు, కూర మానుదురు. పిదప ఒకే గదిలో మరి ఇద్దరు చేరి అద్దె పంచుకొందురు. కొందరు కుటుంబమును ఊరికి పంపి తామొక్కరే నిలుతురు. ఆడవారు ఇంటివద్ద కుట్టుపనియో, వంటపనియో పట్టుదురు. భివండిలో భిస్సీలని పిలుచు పూటకూళ్ళ భోజనశాలలు గలవు. ఒంటరి కార్మికులు అక్కడ తిని, కూలి అందిన పిమ్మట సొమ్ము చెల్లింతురు. పని లేని రోజులలో అన్నము ఆగకుండుటకు ఆ నడుపువారి ఓర్పే ఆధారము. ఇంతవరకు చేయునది కష్టమే గాని ప్రమాదము కాదు.

ప్రమాదము తరువాతి మెట్టున గలదు. పుస్తెలు తాకట్టునకు పోవును. పిల్లవాడు బడి మాని పనిలో చేరును. చీటీ పాట నష్టమునకు పాడుదురు. ఇరువదిమంది నెలకు ఐదువేల చొప్పున కట్టు లక్ష రూపాయల చీటీని అవసరపడినవాడు ముప్పదివేలు విడిచి డెబ్బదివేలకే పాడుకొనును. కాని మిగిలిన నెలల చందా కట్టుట తప్పదు. చివరి మెట్టు చేబదులు. "మూడు రూపాయల వడ్డీ" యన్నమాట చెవికి చిన్నదిగా వినబడును. నెలకు నూటికి మూడనగా ఏడాదికి నూటికి ముప్పదియారు. ఏబదివేలు తెచ్చినవాడు నెలకు 1,500 చొప్పున ముప్పదినాలుగు నెలలు కట్టినచో 51,000 చెల్లించును. అసలు ఏబదివేలు అట్లే నిలిచియుండును.

ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుట అన్నిటికంటె చెడ్డది. ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థల వద్ద ఒకే ఇంటివారు రెండు మూడు అప్పులు తెచ్చి, వారపు కిస్తులు కట్టలేక, వసూలుదారుల ఒత్తిడికి నలిగిపోయినందున 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. సిరిసిల్లలో 2000 తరువాతి సంవత్సరములలో ఎందరో మరమగ్గపు నేతగాండ్రు అప్పుల బాధచే ప్రాణములు తీసికొనిరి. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల పని ఇచ్చుటతో ఊరట కలిగినది. 2024లో ఆ పని ఆగి, పాత బిల్లులు నిలిచిపోగా మగ్గములు మరల మూలబడినవి. పని లేకుండుట ఒక దెబ్బ, చేసిన పనికి సొమ్ము రాకుండుట మరియొక దెబ్బ.

ఇంటివారు చేయదగినవి

మొదటిది, అప్పులన్నియు ఒకే పుస్తకములో వ్రాయుట: ఎవరికి, ఎంత, ఏ వడ్డీ, ఏ తేది. చాల ఇండ్లలో భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు, భార్య కట్టు చీటీ భర్తకు తెలియదు. దాచిన అప్పు పెరిగినంత త్వరగా చెప్పిన అప్పు పెరుగదు. రెండవది, హెచ్చు వడ్డీ అప్పును ముందు తీర్చుట. గట్టిగా అడిగినవానికి ముందు కట్టుట లోకరీతి. వడ్డీ చూచి కట్టుట లెక్కరీతి. మూడవది, పనిముట్టును చివరివరకు అమ్మకుండుట. నగ మరల చేయించుకొనవచ్చును. మగ్గము తుక్కు ధరకు పోయినచో తిరిగిరాదు. నాల్గవది, పని మందగించిన ఏట పెండ్లికి, పండుగకు అప్పు చేయకుండుట. ఐదవది, ఋణదాత ఎదుటికి పోవుట. తప్పించుకొని తిరుగువానికి గడువు దొరకదు. పుస్తకము చేతబట్టి వచ్చి "నెలకింత కట్టగలను" అని చెప్పువానికి తరచుగా దొరకును.

న్యాయము కూడ కొంత తోడుగా నున్నది. ఒకేసారి వసూలు చేయు వడ్డీ అసలును మించరాదను దామ్‌దుపట్ నియమము ధర్మశాస్త్రములలోనిది. బొంబాయి ప్రాంతపు న్యాయస్థానములు దానిని పాటించినవి. మహారాష్ట్రములో 2014 నాటి చట్టము ప్రకారము లైసెన్సు లేక వడ్డీవ్యాపారము చేయుట నేరము. 1992లో నాబార్డు ప్రారంభించిన పద్ధతి ననుసరించి స్వయంసహాయక సంఘములుగా కూడిన స్త్రీలు బ్యాంకు ఋణము పొందవచ్చును. పదిమంది కలిసి పొదుపు చేసిన చోట మూడు రూపాయల వడ్డీవానికి పని తగ్గును.

వర్తకుడు చేయదగినది

ఇంతవరకు చెప్పినది ఋణగ్రస్తుని ధర్మము. కాని అసలు కీలకము రెండవ కొసన గలదు. ఒక లెక్క చూడుడు. వర్తకుడు మగ్గముల యజమానికి ఇవ్వవలసిన రెండు లక్షల నేత కూలి మూడు నెలలు ఆపెననుకొందము. ఆ సొమ్మునే వర్తకుడు బ్యాంకునుండి ఏడాదికి నూటికి పన్నెండు వడ్డీకి తెచ్చియున్నచో అతనికి ఆరువేలు ఖర్చగును. చిన్న యజమాని కూలి ఇచ్చుటకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చును. అతనికి పన్నెండువేలు ఖర్చగును. పెద్దవానికి మిగిలినది ఆరువేలు. చిన్నవానికి పోయినది పన్నెండువేలు. ఇది పొదుపు కాదు, తన బరువును బలహీనుని భుజముపైకి మార్చుట మాత్రమే. పైగా భారము రెట్టింపైనది.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము, నమోదైన చిన్న పరిశ్రమవారికి ఒప్పందమున్నను నలువదియైదు దినములకు మించి సొమ్ము ఆపరాదు. ఆపినచో రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్ల వడ్డీ, నెలనెల చక్రవడ్డీగా చెల్లింపవలెను. 2023 నాటి ఫైనాన్సు చట్టము మరియొక అడుగు వేసి, అట్లు గడువు దాటిన బాకీని చెల్లించిన పిమ్మటనే ఆదాయపుపన్ను లెక్కలో ఖర్చుగా చూపవలెనని విధించినది. కాని చిన్నవాడు రేపటి పని పోవునను భయముచే చట్టమును తలపెట్టడు. కావున చట్టముకంటె ముందు వర్తకుని మనస్సు కదలవలెను.

ఉపాసకదశాంగములో ఆనంద శ్రావకుని కథ గలదు. అతని ధనములో నాలుగు కోట్లు భద్రమైన నిధి, నాలుగు కోట్లు వడ్డీవ్యాపారమున, నాలుగు కోట్లు గృహసంపదలో నుండెను. అతడు మహావీరస్వామి ఎదుట ఇంతకు మించి పెంచనని హద్దు ఏర్పరచుకొనెను. అందు వర్తకునకు రెండు సంగతులు తెలియును. మూడింట ఒక వంతు నిధిగా నిలిపినవాడు మాంద్యము వచ్చినను ఇతరుల కూలి ఆపనక్కరలేదు. కోరికకు హద్దు పెట్టుకొన్నవానికి ఎదుటివాని అవసరమును లాభముగా మార్చుకొను తొందర యుండదు.

మాంద్యము ఎవరి చేతిలోను లేదు. కాని అది వచ్చినప్పుడు ఎవరికి ముందు చెల్లింపవలెనను వరుస వర్తకుని చేతిలోనే గలదు. చిన్న మొత్తములు, చిన్నవారి మొత్తములు ముందు తీరినచో ఆ సొమ్ము కార్మికునకు, భోజనశాలకు, కిరాణా అంగడికి పోయి, నాలుగు ఖాతాలను ఒక్కవారములో తీర్చును. దీపావళినాడు క్రొత్త చోపడాకు పూజచేయుటకు ముందు, పాత చోపడాలో నేతగాని పేర ఇంకను నిలిచియున్న బాకీ ఏదైన గలదేమోయని ఒకసారి త్రిప్పిచూచుట మంచిది. అది తీరిన పిమ్మట వ్రాయు మొదటి పద్దు శుభముగా నుండును.