కాలనీ కాపురం నేర్పినవి

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇల్లు కొందామా, అద్దెకుందామా అని అడగడానికి బంధువుల పిల్లలు ఎవరో ఒకరు మా ఇంటికి వస్తూనే ఉంటారు. ఫోనులో బిల్డరు పంపిన బొమ్మలు చూపిస్తారు. మెట్రో ఐదు నిమిషాలు, మాల్ పది నిమిషాలు, హైటెక్ సిటీ ఇరవై నిమిషాలు. అంతా అయ్యాక, "ప్రశాంతంగా ఉంటుందా పిన్నీ ఇక్కడ?" అంటారు.

ఉండదు నాయనా. మేం కాపురానికొచ్చిన ఎనభైల్లో బ్రహ్మాండమైన ప్రశాంతత ఉండేది. చీకటి పడ్డాక సిటీలోంచి ఇటు రమ్మంటే ఆటోవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. ఇంటికి చుట్టాలొస్తే పెట్టడానికి అరటిపళ్లు కొనాలన్నా బస్సెక్కాల్సిందే. ఆ ప్రశాంతతలో బతికినదాన్ని కనుక చెప్తున్నాను. ఇక్కడున్న సౌకర్యాలన్నీ జనం వల్ల వచ్చినవే. జనం వద్దు, సౌకర్యాలు మాత్రం కావాలంటే కుదరదు. ఈ బేరానికి ఒప్పుకున్నవాళ్లు మిగతాది చదవండి.

1. గేటు మీది నంబరు చదవడం నేర్చుకోండి

ఇక్కడ ఇంటి నంబరుకు ముందు ఇంగ్లిషు అక్షరాలుంటాయి. ఎల్ఐజీ అంటే తక్కువ ఆదాయం వాళ్లకని కట్టినవి, ఎంఐజీ మధ్యతరగతికి, హెచ్ఐజీ ఇంకాస్త ఉన్నవాళ్లకు. అన్నిటికన్నా చిన్నవి ఈడబ్ల్యూఎస్. బోర్డు వాళ్లు మనిషి జీతం చూసి ఇల్లిచ్చిన రోజులవి. బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్, ఆల్విన్, హెచ్‌ఎంటీ అంటూ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు చాలామంది వాయిదాల మీద తీసుకున్నారు. మావారు బీహెచ్‌ఈఎల్‌లో చేసేవారు, మాకు ఎంఐజీ వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, ముందు ఒక మల్లెపందిరికి సరిపడా జాగా. ఆసియాలోకెల్లా పెద్ద కాలనీ అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఎవరు కొలిచారో ఏమో!

ఒక కుటుంబం కోసం గీసిన ఆ చిన్న చిన్న జాగాల్లో ఇప్పుడు నాలుగంతస్తులూ ఐదంతస్తులూ లేచాయి. ఇళ్లు పైకి పెరిగాయి గాని వీధులు పక్కకు జరగలేదు. కాబట్టి ఎల్ఐజీ సందులో ఫ్లాటు చూస్తున్నప్పుడు టైల్సూ మాడ్యులర్ కిచెనూ తర్వాత, ముందు కారు ఎక్కడ పెడతారో అడగండి. "సర్దుకుంటారులెండి" అన్నారంటే సర్దుకోవాల్సింది మీరేనని అర్థం.

2. ఇల్లు చూసేది మే నెలలో

ఆషాఢంలో అద్దె తగ్గిస్తారని, శ్రావణంలో మంచిదని రకరకాలుగా చెప్తారు. నా మాట వింటే మే నెలలో చూడండి. అదీ నల్లా వచ్చే రోజు కాకుండా రాని రోజున.

మా వైపు మొదటినుంచీ మంజీర నీళ్లే ఆధారం. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు హైదరాబాదుకు తెచ్చారు. ఆ మరుసటి వేసవికి సింగూరు, మంజీర ఎండిపోయినప్పుడు అవే ఆదుకున్నాయి. లేకపోతే ఆ ఏడాది మా గతి ఏమయ్యేదో. ఇంత దూరం నుంచి వచ్చే నీళ్లు రోజంతా రావు, వచ్చిన కాసేపట్లో సంపు నింపుకోవాలి. సంపు చిన్నదైతే నది ఎంత పెద్దదైనా మీకు దక్కేది అంతే.

అందుకని సంపు మూత తెరిపించండి. మొహమాటపడొద్దు. టార్చి వేసి చూస్తే లోపలి గోడ మీద నీటి చారలు కనిపిస్తాయి, పాచి పట్టి, పైన ఒకటి, బాగా కింద ఒకటి. పై చార నీళ్లు బాగా వచ్చే రోజులది, కిందిది కరువు రోజులది. ఆ రెండిటికీ మధ్య ఎన్ని జానలుందో చూసుకుంటే వేసవిలో మెయింటెనెన్సు ఎంత పెరుగుతుందో తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ ఖాళీని నింపేది ట్యాంకరే. ట్యాంకరు ఎన్నాళ్లకోసారి వస్తుందని సెక్రటరీని అడిగితే ఒక మాట చెప్తాడు, వాచ్‌మన్ భార్యను అడిగితే ఇంకో మాట చెప్తుంది. రెండోది నమ్మండి. అర్ధరాత్రి లేచి గేటు తీసేది ఆవిడే.

నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం అన్న పథకం 2021 మొదట్లో మొదలైంది. అది కావాలంటే మీటరు పనిచేస్తూ ఉండాలి, కనెక్షనుకు ఆధార్ జతచేసి ఉండాలి. ఇల్లు కొనేటప్పుడు ఈ రెండూ అయ్యాయో లేదో పాత బిల్లు తీసి చూసుకోండి. రిజిస్ట్రేషనయ్యాక అడిగితే పాత ఓనరు ఫోనెత్తడు.

3. మెట్రో ఎక్కకపోయినా మెట్రో పనికొస్తుంది

మా కాలనీని ఆనుకుని వెళ్లే రోడ్డు ఊళ్లో రోడ్డు కాదు, పుణె నుంచి మచిలీపట్నం పోయే జాతీయ రహదారి. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. ఏ పక్క ఇల్లు తీసుకున్నా మీకు కావాల్సింది ఒకటి అవతల పక్కనే ఉంటుంది. అది దాటడమంటే మా వయసువాళ్లకు ప్రాణగండం. బస్సులూ ఆటోలూ ఒక ఎత్తు, ఎదురుదారిలో వచ్చే మోటారుసైకిళ్లు ఒక ఎత్తు. కుడీ ఎడమా చూసి దాటమని చిన్నప్పుడు నేర్పారు గాని, కుడివైపు నుంచి రావాల్సినవాడు ఎడమవైపు నుంచి వస్తాడని ఎవరూ చెప్పలేదు.

2017 నవంబరు 29న మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో నడవడం మొదలైంది. పిల్లలు ఆఫీసులకు ఎంతసేపట్లో వెళ్లొచ్చో లెక్కలు వేసుకున్నారు. నా వయసువాళ్లకు మాత్రం దాని మొదటి ఉపయోగం రోడ్డు దాటడం. ఈ పక్క లిఫ్టెక్కితే టిక్కెట్లిచ్చే అంతస్తు వస్తుంది. గేట్ల లోపలికి పోకుండా నేరుగా నడిచి అవతలి లిఫ్టులో దిగిపోవచ్చు. టిక్కెట్టక్కర్లేదు. ఈ సంగతి తెలియక కింద డివైడరు సందుల్లోంచి చీరకుచ్చెళ్లు పట్టుకుని దూరే ఆడవాళ్లను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. స్టేషనుకు నాలుగు వైపులా మెట్లుంటాయి, లిఫ్టు ఎటువైపుందో మొదటిసారి వెళ్లినప్పుడే గుర్తు పెట్టుకోండి.

బ్రోషర్లో ఐదు నిమిషాలంటే పాతికేళ్ల కుర్రాడు ఆదివారం పొద్దున్న నడిస్తే ఐదు నిమిషాలు. అమ్మానాన్నల్ని మీ దగ్గర ఉంచుకునేట్లయితే వాళ్లను ఒకసారి సాయంత్రం ఆరింటికి అదే దారిలో నడిపించి చూడండి.

4. హాస్టళ్లను తిట్టకండి

మా ఈడువాళ్లు పార్కులో కూర్చుంటే మొదలెట్టేది ఈ పాటే. హాస్టళ్లొచ్చి కాలనీ పాడైపోయిందంటారు. ఒకపక్క జేఎన్‌టీయూ, ఇంకోపక్క హైటెక్ సిటీ ఉన్నాక పిల్లలు వచ్చి ఇక్కడ ఉండక ఎక్కడుంటారు? ఇలా తిట్టేవాళ్లలో సగంమంది పై అంతస్తు హాస్టలుకిచ్చి, ఆ అద్దెతో కొడుకును అమెరికా పంపినవాళ్లే. పేర్లు చెప్పను.

హాస్టలు ఉన్న వీధిలో నీళ్లు త్వరగా అయిపోతాయి, మ్యాన్‌హోల్ త్వరగా పొంగుతుంది, బైకులు గేటుకు అడ్డంగా ఉంటాయి. నిజమే. కానీ ఆ పిల్లల వల్లే పొద్దున్న ఆరింటికి ఇడ్లీ బండి వస్తుంది, రాత్రి పదకొండుకు మందుల షాపు తెరిచి ఉంటుంది, జిరాక్సు షాపుల్లో పోటీ పెరిగి రేటు తగ్గుతుంది. ముఖ్యంగా ఆడపిల్లల హాస్టళ్లున్న వీధి చూడండి. రాత్రి ఎంతయినా దీపాలు, మనుషులు, క్యాబుల రాకపోకలు. మావారికి ఒకసారి అర్ధరాత్రి ఆయాసం వస్తే నేను అరిచిన అరుపుకు ముందు కిటికీ తెరిచింది ఎదురు హాస్టల్లో నైటు షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల. పేరు అడగడం కూడా మరిచిపోయాను. అంబులెన్సుకు ఫోను చేసింది, అది సందులోకి తిరిగేదాకా వీధి చివర నిలబడి చెయ్యి ఊపింది. నిశ్శబ్దంగా ఉండే వీధిలో ఆ టైముకు మేలుకుని ఎవరుంటారు?

5. రైతుబజారుకు రెండు వేళలు

పొద్దున్నే వెళ్తే సరుకు మంచిది, చీకటి పడేవేళ వెళ్తే ధర మంచిది. మధ్యలో వెళ్తే రెండూ ఉండవు.

ఈ బజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. రైతుకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉంటుంది, దళారీ లేకుండా తానే అమ్ముకోవాలన్నది ఏర్పాటు. రోజూ ధరలు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు, టోకు ధరకన్నా కాస్త ఎక్కువ, బయటి చిల్లర ధరకన్నా తక్కువ. లోపలికి వెళ్లగానే ముందు ఆ బోర్డు చదవాలి. బోర్డు చదివిన మనిషిని చూస్తే అమ్మేవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, "అమ్మా, బోర్డు రేటే" అని వాళ్లే అంటారు. తూకం మొగ్గేదాకా కళ్లు కాటా మీదే పెట్టండి, ఫోను మీద కాదు. ఆకుకూరలు మాత్రం కట్టలు విప్పి చూడండి. పైన లేత తోటకూర కనిపిస్తుంది, రబ్బరుబ్యాండు తీస్తే లోపల ముదురు కాడలూ తడిసి నల్లబడ్డ ఆకులూ బయటపడతాయి. పాలకూరకు ఆ బాధ తక్కువ. గోంగూర అయితే కొమ్మ గిల్లితే చాలు, పుటుక్కుమంటే తీసుకోవచ్చు.

6. ఫుట్‌పాత్ ఎవరిదో ముందు తేల్చుకోవాలి

ఇందులో నాది ఒంటరి గొంతు, తెలుసు. ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించాలని కాలనీవాళ్లు గట్టిగా అడుగుతారు. తీరా మున్సిపాలిటీ బండి వస్తే ఎత్తుకుపోయేది ఎవరిని? ఇస్త్రీ బల్ల అతన్ని, చెప్పులు కుట్టే ముసలాయన్ని, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమెను. వాళ్లు ఆక్రమించేది ఒక మంచం పట్టేంత జాగా. ఇంటివాళ్లు కారు ఎక్కడానికని గేటు ముందు పోసుకున్న సిమెంటు ర్యాంపులు మాత్రం అలాగే ఉంటాయి. వీధి పొడవునా ఒక్కో ర్యాంపు ఒక్కో ఎత్తు. మోకాళ్లు అరిగినవాళ్లు ఎక్కి దిగలేక రోడ్డు మీదే నడుస్తారు. అసలు కబ్జా అది.

మా వీధి ఇస్త్రీ అతను బొగ్గుల పెట్టె వాడతాడు. ఎవరింటికి పార్సిలొచ్చినా తీసిపెడతాడు, ఎవరి పిల్లాడు స్కూలు బస్సు దిగాడో చూస్తుంటాడు. అపార్ట్‌మెంట్లలో నెలనెలా డబ్బు కట్టి పెట్టుకునే సెక్యూరిటీ చేసేది ఇంతకన్నా ఎక్కువేం కాదు.

7. బస్సు పనైపోయిందనుకోవద్దు

మెట్రో వచ్చాక బస్సును చిన్నచూపు చూస్తున్నారు. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218, సికింద్రాబాద్ వెళ్లే 219 మా జీవితాలు మోసిన బస్సులు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమయ్యాక మళ్లీ మా ఈడువాళ్లు బయట తిరగడం మొదలెట్టారు. కోడల్ని డబ్బులడగకుండా చెల్లెలింటికి పోయి రావడమంటే ఏమిటో ఆ జీరో టిక్కెట్టు చేతిలో పట్టుకున్న ఆడమనిషికే తెలుస్తుంది. తెలంగాణ చిరునామాతో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉండాలి. బంధువుల పిల్లలకు నేను చెప్పేది, ఇల్లు మారిన వారంలోనే అమ్మ ఆధార్లో చిరునామా మార్పించండి అని.

8. డాక్టరు నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి

పెద్ద ఆసుపత్రి ఎక్కడున్నా పరవాలేదు, అంబులెన్సు తీసుకెళ్తుంది. జ్వరానికి, బీపీకి చూసే ఒక మామూలు డాక్టరు దగ్గర్లో ఉండాలి. బస్తీ దవాఖానాలో చూపించుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

9. గేటెడ్ కమ్యూనిటీకి చుట్టపుచూపుగా వెళ్లండి

మా అబ్బాయి తెల్లాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు. ఈ రద్దీలో ఎందుకమ్మా, ఇది అమ్మేసి రమ్మంటాడు. ఈతకొలను ఉంది, వాకింగ్ ట్రాకుంది, పక్షుల అరుపులు వినిపిస్తాయి. కాదనను. కొత్తిమీర కావాలంటే ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో వస్తుంది, దాన్నీ కాదనను. అయితే నొక్కేది కోడలే, నేను కాదు. గేటు దాటి నడుచుకుంటూ పోదామంటే విశాలమైన రోడ్డు, దానికవతల ఇంకో గేటు, ఇంకో కమ్యూనిటీ. నా కాళ్లతో నేను చేసుకోగలిగిన పని అక్కడ ఒక్కటీ కనిపించలేదు.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు నా చెప్పు వారు తెగింది. కొత్తవి కొంటానన్నాడు. ఇవే బాగున్నాయి, కుట్టిస్తే చాలన్నాను. కుట్టేవాడు ఆ చుట్టుపక్కల దొరకలేదు. చివరికి కారులో మా వీధి దాకా తీసుకొచ్చాడు. పార్కింగు దొరక్క నన్ను ఇస్త్రీ బల్ల దగ్గర దింపి, చెప్పు కుట్టేంతసేపూ కాలనీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.