నులిపురుగులు: వానివలని దురద, చికిత్స, నివారణ

రైతుల యిండ్లలో పిల్లలు రాత్రివేళ నిద్రలేచి, ఆసనము గోకికొనుచు ఏడ్చుట తఱచుగా చూచుచున్నాము. దీనికి బెల్లమును మిఠాయియు కారణమని తలచి పెద్దలు పిల్లల నోరు కట్టుదురు. కొందఱు కొట్టుదురు కూడ. తీపివలన పురుగు పుట్టదు. నులిపురుగు గ్రుడ్డు నోటిద్వారా కడుపులోనికి పోయిననే పురుగు పుట్టును. పశువులకు గాని కుక్కలకు గాని దీనితో సంబంధము లేదు. ఇది మనుష్యులనుండి మనుష్యులకే వచ్చును.

ఆడుపురుగు 8 మొదలు 13 మిల్లీమీటర్ల పొడవుండి తెల్లని నూలుపోగు తునుకవలె కనబడును. ఇది పెద్దప్రేగు మొదట నివసించి, బిడ్డ నిద్రించిన పిమ్మట బయటికి వచ్చి, ఆసనము చుట్టునుగల చర్మముపై సుమారు 10,000 గ్రుడ్లు పెట్టును. దురదకు హేతు విదియే. నిద్రించిన రెండు మూడు గంటలకు దీపము పట్టి చూచిన పురుగులు కదలుచు కనబడవచ్చును. గ్రుడ్లు మాత్రము కంటికి కనబడవు. అవి 4 మొదలు 6 గంటలలో అంటుకొను స్థితికి వచ్చును. గోకిన గోళ్లనుండి నోటికిని, చెంబునకును, దుప్పటికిని చేరి, ఇంటిలో రెండు మూడు వారములవఱకు బ్రదికియుండగలవు.

చికిత్స కష్టమైనది కాదు. అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర నొకదానిని నమలి మ్రింగవలెను. ఏడాది దాటి రెండేండ్లు నిండని బిడ్డకు అరమాత్ర చాలును గాని వైద్యు నడిగియే ఈయవలెను. ఏడాది నిండని శిశువులకును గర్భిణులకును వైద్యుడు చెప్పక యీయరాదు. ఈ మందు పురుగులను చంపును గాని గ్రుడ్లను నమ్మకముగా చంపజాలదు. మొలచిన కలుపు తీసినను నేలలోని విత్తనము మరల మొలచునని రైతులెఱుగుదురు. కావున రెండు వారములకు రెండవ మాత్ర తప్పక వేయవలెను. దురద పోయినదిగదా యని యీ రెండవ మాత్రను మానుటచేతనే అనేకుల యిండ్లలో జబ్బు తిరిగి వచ్చుచున్నది.

మఱియొక ముఖ్యవిషయము. మందు ఏడ్చు బిడ్డ కొక్కనికే కాదు, ఇంటిల్లిపాదికిని ఒకేదినమున ఈయవలెను. దురద లేని పెద్దలలోను పురుగు ఉండవచ్చును. ఇంటనే తిని పండుకొను పాలేరును విడువరాదు. పట్టాదారు పేరు వ్రాసి హిస్సాదారులను విడిచిన లెక్క ఎట్లు నిలువదో, ఇదియు నట్లే.

2015 లో ప్రారంభమైన జాతీయ నులిపురుగుల నివారణ దినమున బడులలో పిల్లల కీయబడు మాత్రయు ఇదియే. అయితే అది ముఖ్యముగా ఏలికపాములు, కొంకిపురుగులు మొదలగువాని నుద్దేశించినది. పేరునుబట్టి ఇంటి నులిపురుగుకు ఆ యొక్క మాత్ర చాలునని తలపరాదు.

మందు వేసిన మఱునాడు ఉదయమున అందఱును స్నానము చేసి లోబట్టలు మార్చవలెను. రెండవ మాత్ర వఱకు నిత్యము ఇట్లే చేయవలెను. పక్కబట్టలను వేడినీట ఉతికి, గొంగళ్లను ఎండవేయవలెను. ఇంటిలో దులుపరాదు, గ్రుడ్లు ధూళితో లేచి నోటబడును. గోళ్లు పొట్టిగా కత్తిరించి, భోజనమునకు ముందును, దొడ్డికి పోయివచ్చిన పిదపను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

గోకిన చర్మమునకు కిరసనాయిలు, సున్నము పూయుట కలదు. ఇది కేవలము క్రూరము. చర్మము కాలి పుండగును. నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, తడిలేకుండ ఉంచిన చాలును. ఆడుపిల్లలకు పురుగులు ముందరి భాగమునకు ప్రాకి మంటయు, తెల్లబట్టయు కలిగింపవచ్చును. తల్లులు సిగ్గుచే దాచరాదు. వ్రేళ్లసందులలోను మణికట్టులందును కూడ రాత్రి దురద యున్నచో అది గజ్జి కావచ్చును. దాని మందు వేఱు. చీము పట్టినను, జ్వరము వచ్చినను, రెండు మాత్రల పిదపను దురద విడువకున్నను, బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపోవలెను.