చంటిబిడ్డ అమ్మానాన్నలకూ ఓ స్కోర్!



మా విద్యార్థుల్లో కొందరికి ఇంట్లో చంటి తమ్ముడో చెల్లో ఉంటారు. "బిడ్డ ఎందుకు ఏడుస్తోందో అర్థం కావడం లేదు" అని ఆ తల్లి అంటే, అది చేతకానితనం కాదు. ఆ ధైర్యాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉంది.

ఆస్ట్రేలియాలో రూపొంది, 2008లో వెలువడిన 'కారిటానీ పేరెంటింగ్ కాన్ఫిడెన్స్ స్కేల్' ఏడాదిలోపు పిల్లల తల్లిదండ్రుల కోసం. ఇందులో 15 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 45. పాలు పట్టడం, నిద్రపుచ్చడం, ఏడుపు మాన్పించడం, జలుబు చేస్తే చూసుకోవడం వంటి రోజువారీ పనుల గురించే అడుగుతారు. 39 లేదా అంతకంటే తక్కువ వస్తే ఫెయిలైనట్టు కాదు, సాయం అవసరం కావచ్చని అర్థం.

అవసరానికి తోడుండేవాళ్లు ఉన్నారా, తన పెంపకాన్ని ఇతరులు మెచ్చుకుంటున్నారా అన్నవీ ఈ అంశాల్లో ఉన్నాయి. అంటే ఆ స్కోర్‌లో భర్త, అత్తమామలు, పుట్టింటివాళ్ల పాత్ర కూడా ఉందన్నమాట!

ఈ వారం ఇలా చేసి చూడండి:

• "మా కాలంలో ఇలా లేదు" అనకుండా, "ఏ పని కష్టంగా ఉందమ్మా?" అని అడగండి.
• రాత్రి ఒకసారైనా బిడ్డను నాన్న నిద్రపుచ్చాలి.
• తల్లిలో దిగులు రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌ను కలవండి.