కొండదారి సైకిలు పందెము – మొదటి పాఠము

మన యింటి కుమారుడో కుమార్తెయో ఎండ్యూరో అను కొండదారి సైకిలు పందెమునకు పోదునని అడిగినయెడల, ఔను కాదనకమునుపు మనము దాని రీతిని తెలిసికొనవలెను.

ఈ పందెములో కొండ ఎక్కుటకు పట్టిన కాలమును లెక్కింపరు. దిగుడు భాగముల కాలమునే లెక్కింతురు. అవన్నియు కూడగా ఎవరికి తక్కువ వచ్చునో వారే గెలుతురు. అయినను ఎక్కుడును తేలికగా ఎంచరాదు. నియమిత వేళకు పైకి చేరనివారికి జరిమానాగా కాలము కలుపుదురు. దీని ప్రపంచ శ్రేణి 2013లో ఇటలీలోని పుంటా ఆలాలో ఆరంభమాయెను. బ్రిటను దేశస్థురాలైన ట్రేసీ మోస్లీ 2013 మొదలు 2015 వరకు స్త్రీలలో వరుసగా మూడు మారులు ఆ శ్రేణిని గెలిచెను.

క్రొత్తవారు మొదట చేయవలసినది ఖరీదైన సైకిలు కొనుట కాదు. ఉన్న కొండ సైకిలుకు బ్రేకులు బాగుగా పట్టుచున్నవా, టైర్లు అరిగినవా అని చూడవలెను. గడ్డమువరకు కప్పు హెల్మెట్టు, మోకాళ్లకు కాపు, చేతి తొడుగులు ఉండవలెను. దారిలో సైకిలు చెడినయెడల తామే బాగుచేసికొనవలెను గనుక ట్యూబు, పంపు, పనిముట్లు వెంట మోయవలెను.

అభ్యాస దినమున దారి అంతయు చూచి, తడి వేరులను, వదులు రాళ్లను గుర్తుంచుకొనవలెను. మలుపునకు ముందే బ్రేకు పట్టవలెను. మలుపులో గట్టిగా పట్టినయెడల చక్రము జారును. పది మలుపులలో తొందరపడి మిగిల్చిన కాలమును ఒక్కసారి పడుట హరించును. భయమైన చోట దిగి నడిపించుట సిగ్గు కాదు.

కాబట్టి మేము చెప్పునదేమనగా, మొదటి పందెమునకు గురి గెలుపు కాదు. ఎముక విరుగక చివరకు చేరి, మరల రాగోరుటయే.